టెండరు పెట్టె తాళం ఎవరి చేతిలో?

ప్రభుత్వ సంస్థలు కొనుగోళ్లకు టెక్నాలజీని ఎలా ఎంచుకుంటాయి? అందులో మీకు ఉద్యోగం ఎక్కడుంది?

జూన్‌లో తొలకరి పడితే అనంతపురం రైతుకు ముందుగా కావాల్సింది బుడ్డల విత్తనం. జులై దాటాక అదే విత్తనాన్ని, అదే సబ్సిడీతో ఇంటి ముందుకు తెచ్చి దించినా ఆయనకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. అదును పోయింది కాబట్టి. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే నేల ఇది. ఇక్కడ పది రోజుల ఆలస్యం అంటే క్యాలెండర్‌లో పది గళ్లు కాదు, ఒక పంట.

విత్తనం ఆలస్యమైతే మనం వానను తిడతాం, అధికారిని తిడతాం, చివరికి క్యూలో ముందున్నవాణ్ని కూడా తిడతాం. ఆ సంచి వెనుక ఎవరికీ కనిపించని పని ఒకటి ఉంటుంది. ఎన్ని క్వింటాళ్లు కావాలో లెక్క వేయాలి. టెండరు పిలవాలి. సరఫరాదారుల్ని ఎంచుకోవాలి. నమూనా తీసి మొలక శాతం పరీక్షించాలి. ఊళ్లకు చేర్చాలి. సరఫరా చేసినవాళ్లకు డబ్బు చెల్లించాలి. ఈ మొత్తాన్నీ కలిపి ప్రొక్యూర్‌మెంట్ అంటారు. తెలుగులో చెప్పాలంటే ప్రభుత్వ కొనుగోళ్లు.

ఈ కొనుగోళ్లు ఇప్పుడు దాదాపుగా కంప్యూటర్ మీదే జరుగుతున్నాయి. మరి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఎవరి దగ్గర తీసుకోవాలి? దాన్ని నమ్మొచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాళ్ల అవసరం ఉంది. కోడింగ్ ఇంటర్వ్యూల వెంట పరిగెత్తే హడావుడిలో మనలో చాలామంది ఇటువైపు చూడరు. ఈ వారం ఒకసారి చూద్దాం.

కథ మొదలైంది మన దగ్గరే

ఈ-ప్రొక్యూర్‌మెంట్ అనగానే ఎక్కడో విదేశాల్లో పుట్టిన వ్యవహారం అనుకుంటాం. కానీ మన దేశంలో దీన్ని ముందుగా పెద్ద ఎత్తున అమలు చేసిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2003 జనవరిలో మొదలైంది. ప్రైవేటు భాగస్వామిగా సీ1 ఇండియా అనే సంస్థ పనిచేసింది. నీటిపారుదల, రోడ్లు-భవనాల శాఖలు, ఆర్టీసీ, ఏపీ టెక్నాలజీ సర్వీసెస్ (ఏపీటీఎస్) ముందుగా వాడాయి. అన్ని శాఖల మీదా ఒకేసారి రుద్దలేదు. నాలుగు చోట్ల నడిపి చూసి, తర్వాత విస్తరించారు.

అంతకుముందు ఎలా ఉండేది? కాంట్రాక్టరు స్వయంగా ఆఫీసుకు వెళ్లి టెండరు షెడ్యూలు కొనాలి. పూరించిన కవరును తాళం వేసిన పెట్టెలో వేయాలి. ఎవరు షెడ్యూలు కొన్నారో అందరికీ తెలిసిపోయేది. తెలిస్తే ఏమవుతుంది? ఫోన్లు వస్తాయి, బెదిరింపులు వస్తాయి, 'రింగ్' తయారవుతుంది. అంటే పోటీ పడాల్సినవాళ్లంతా కూర్చుని 'ఈసారి నీకు, వచ్చేసారి నాకు' అని పంచుకోవడం. పెట్టె దగ్గర కాపలా కాసి కొత్తవాళ్లను లోపలికి రానివ్వని సందర్భాలు కూడా ఉండేవి.

పెట్టె కంప్యూటర్‌లోకి మారాక ఎవరు బిడ్ వేస్తున్నారో తెరిచేదాకా బయటికి తెలియాల్సిన పని లేకుండా పోయింది. సమయం కూడా కలిసొచ్చింది. ఆ ప్రాజెక్టుపై వచ్చిన అధ్యయనాల ప్రకారం, అప్పటిదాకా 90 నుంచి 135 రోజులు పట్టే టెండరు ప్రక్రియ కొన్నేళ్లలో సగటున 35 రోజులకు దిగింది. మొదట్లో చెప్పిన అదును గుర్తుందిగా? ఆ తేడా విలువ అక్కడ అర్థమవుతుంది.

ఇంకో సంగతి. మొదట్లో ప్రభుత్వం సాఫ్ట్‌వేర్‌కు పెద్ద మొత్తం పెట్టలేదు. ప్రైవేటు సంస్థే పెట్టుబడి పెట్టి, లావాదేవీల రుసుము ద్వారా రాబట్టుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఇది మంచిదా, చెడ్డదా? తొందరపడకండి, కాసేపట్లో లెక్క వేద్దాం.

ముందు దారులు తెలుసుకోండి

ఈ రోజు ఓ ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్‌లో కొనాలనుకుంటే ప్రధానంగా నాలుగు దారులున్నాయి.

ఒకటి, రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్. రోడ్లు, కాలువలు, భవనాల పనులు ఎక్కువగా ఇక్కడే కనిపిస్తాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రకు, తెలంగాణకు వేర్వేరు పోర్టళ్లు నడుస్తున్నాయి.

రెండు, జెమ్. పూర్తి పేరు గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్. 2016 ఆగస్టు 9న మొదలైంది. అంతకుముందు దశాబ్దాలుగా కేంద్రానికి కొనుగోళ్లు చేసిపెట్టిన డీజీఎస్&డీ అనే సంస్థను 2017లో మూసేశారు. జెమ్‌లో దొరికే వస్తువులు, సేవలను కేంద్ర మంత్రిత్వశాఖలు అక్కడే కొనాలని 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి చెబుతోంది. కుర్చీలు, కంప్యూటర్లు, సెక్యూరిటీ సిబ్బంది సేవలు... ఆన్‌లైన్ షాపింగ్ తీరులోనే ఉంటుంది, నిబంధనలు మాత్రం ప్రభుత్వానివి. 2023-24లో జెమ్ కొనుగోళ్ల విలువ 4 లక్షల కోట్ల రూపాయలు దాటింది.

మూడు, జెప్నిక్. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) సొంతంగా తయారుచేసిన టెండర్ల వ్యవస్థ. చాలా రాష్ట్రాలు, కేంద్ర సంస్థలు దీన్నే వాడుతున్నాయి.

నాలుగు, సంస్థ తన అవసరానికి తగ్గట్టు కట్టించుకున్నది, లేదా ప్రైవేటు కంపెనీ దగ్గర తీసుకున్నది. రైల్వేది ఇలాంటిదే. ఐఆర్ఈపీఎస్ అనే ఈ వ్యవస్థను రైల్వే సొంత ఐటీ సంస్థ క్రిస్ నడుపుతుంది. మన గుంతకల్లు డివిజన్ టెండర్లు కూడా అందులోనే చూడొచ్చు. ఖాళీ ఉన్నప్పుడు తెరిచి చూడండి. రైలు పట్టాల వెనుక ఎన్ని రకాల పనులు, వస్తువులు ఉంటాయో తెలిసి ఆశ్చర్యపోతారు.

ఎంచుకునే ముందు ఏడు ప్రశ్నలు

ఇప్పుడు మీరు ఒక ప్రభుత్వ సంస్థకు సలహా ఇచ్చే బృందంలో కొత్తగా చేరారనుకోండి. నాలుగు కంపెనీలు నాలుగు అందమైన ప్రజెంటేషన్లు ఇచ్చాయి. అన్నిట్లోనూ డాష్‌బోర్డు ఉంది, అన్నిట్లోనూ 'ఏఐ' అనే మాట ఉంది. ఏది తీసుకోవాలి? ఈ ఏడు ప్రశ్నలు అడగండి.

1. పద్ధతి ముందా, సాఫ్ట్‌వేర్ ముందా?

ఆఫీసులో ఒక ఫైలు పదకొండు టేబుళ్లు తిరుగుతోందనుకుందాం. సాఫ్ట్‌వేర్ పెట్టి ఆ పదకొండు టేబుళ్లనూ పదకొండు లాగిన్లుగా మారిస్తే కాగితం తగ్గుతుందేమో కానీ ఆలస్యం తగ్గదు. ముందు తెల్లకాగితం మీద ఇండెంట్ నుంచి చెల్లింపు దాకా ప్రతి మెట్టూ గీయండి. ఏ మెట్టు ఎందుకుందో అడగండి. తీసేయగలిగినవి తీసేశాకే టెక్నాలజీ సంగతి. ఈ పని చేసేవాళ్లనే బిజినెస్ అనలిస్ట్ అంటారు. దీనికి కావాల్సింది ఓపిగ్గా వినే చెవులు, సరిగ్గా రాసే చెయ్యి.

2. వాడేది ఎవరు?

సచివాలయంలో కూర్చున్న అధికారి ఒక్కరే కాదు. కళ్యాణదుర్గంలో పైపులు అమ్మే చిన్న వ్యాపారి కూడా వాడాలి. తెలుగులో సూచనలున్నాయా? నెట్ నెమ్మదిగా ఉన్నా ఫైలు ఎక్కుతుందా? మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి చేయాలా? సందేహం వస్తే ఫోన్ ఎత్తేవాళ్లున్నారా? చిన్నవాళ్లు బిడ్ వేయలేని వ్యవస్థ పెడితే పోటీ తగ్గుతుంది. పోటీ తగ్గితే ధర పెరుగుతుంది. అంటే, అర్థంకాని స్క్రీన్‌కు కూడా ప్రజల డబ్బుతోనే మూల్యం చెల్లిస్తాం.

3. తాళం ఎవరి చేతిలో?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పాత పెట్టెకు ఇనుప తాళం ఉండేది. కొత్త పెట్టెకు ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. బిడ్ వేసినవారి కంప్యూటర్‌లోనే ధర రహస్య సంకేతంగా మారి, గడువు ముగిశాక అధికారుల డిజిటల్ కీలతోనే తెరుచుకోవాలి. ఒక్కరు చాలరు, కనీసం ఇద్దరు కలిసి తెరిచే ఏర్పాటు ఉండాలి. సర్వర్ చూసుకునే ఉద్యోగికి గానీ, సాఫ్ట్‌వేర్ కంపెనీకి గానీ మధ్యలో చూసే వీలు ఉండకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెరపలేని చిట్టా ఉండాలి.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తోందా? మధ్యప్రదేశ్‌లో ఏం జరిగిందో చూడండి. 2018లో అక్కడి జల నిగమ్ తాగునీటి పథకాల ఆన్‌లైన్ టెండర్లలో బిడ్ ధరలను మార్చారన్న విషయం బయటపడింది. టెండర్లు రద్దయ్యాయి. 2019 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం ఎఫ్ఐఆర్ నమోదు చేసింది. అక్కడా పోర్టల్ ఉంది, పాస్‌వర్డులు ఉన్నాయి, 'ఆన్‌లైన్ కాబట్టి పారదర్శకం' అన్న నమ్మకం కూడా ఉంది. పెట్టె మారినంత మాత్రాన దొంగ మారడు. ఇలాంటి వ్యవస్థలకు ఉండాల్సిన నాణ్యత, భద్రతా ప్రమాణాలపై కేంద్ర ఐటీ శాఖ 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఎస్‌టీక్యూసీ అనే విభాగం వాటి ప్రకారం పరీక్షించి ధ్రువీకరణ ఇస్తుంది. కంపెనీ ప్రతినిధి వచ్చినప్పుడు మొదట అడగాల్సింది ఆ పత్రాన్నే.

4. నిబంధన మారితే సాఫ్ట్‌వేర్ మారగలదా?

మన రాష్ట్రంలోనే 2019లో రివర్స్ టెండరింగ్ వచ్చింది. అంటే బిడ్లు తెరిచాక తక్కువ ధరను అందరికీ చూపించి, అంతకంటే తగ్గేవాళ్లు ఉన్నారా అని మళ్లీ ఆన్‌లైన్ వేలం పెట్టడం. 2024లో ప్రభుత్వం మారాక ఆ విధానాన్ని రద్దుచేశారు. ఏది మంచి విధానం అన్నది వేరే చర్చ. టెక్నాలజీ మనిషిగా మీరు గమనించాల్సింది ఒకటే. ఐదేళ్లలో నిబంధనలు రెండుసార్లు తిరగబడవచ్చు. ప్రతిసారీ కొత్త సాఫ్ట్‌వేర్ కొనలేం. నియమాలను కోడ్‌లో బిగించేయకుండా సెట్టింగుల్లో మార్చుకునేలా ఉండాలి.

5. టెండరుతో ఆగిపోతుందా, చెల్లింపు దాకా వెళ్తుందా?

చాలా వ్యవస్థలు టెండరు ఖరారు కాగానే 'పని అయిపోయింది' అన్నట్టు ఊరుకుంటాయి. సరఫరాదారుడి కష్టం అప్పుడే మొదలవుతుంది. సరుకు అందిందని ఎవరు నమోదు చేస్తారు? బిల్లు ఎక్కడ ఆగింది? చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. పోర్టల్‌కూ ఖజానా వ్యవస్థకూ (మన రాష్ట్రంలో సీఎఫ్ఎంఎస్) మధ్య సమాచారం నడవకపోతే ఆ 45 రోజులు ఎక్కడ దాటాయో ఎవరికీ తెలియదు. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని వ్యాపారి ఏం చేస్తాడు? తర్వాతి టెండరులో ఆ ఆలస్యానికి వడ్డీ కలిపి ధర వేస్తాడు, లేదా అసలు రాడు.

6. ఐదేళ్లలో మొత్తం ఎంత?

ఇందాక వదిలేసిన లెక్క ఇక్కడ వేద్దాం. ఇవి నిజమైన కంపెనీల ధరలు కావు, అర్థం కావడానికి అనుకున్న అంకెలు మాత్రమే. 'ఏ' అనే ఉత్పత్తికి ముందే 40 లక్షలు కట్టాలి, ఏటా నిర్వహణకు 10 లక్షలు. ఐదేళ్లకు 90 లక్షలు. 'బీ' ముందు పైసా అడగదు, టెండరుకు 3,000 రూపాయలు తీసుకుంటుంది. సంస్థ ఏటా 500 టెండర్లు పిలిస్తే ఏడాదికి 15 లక్షలు, ఐదేళ్లకు 75 లక్షలు. 'బీ' చవక! కానీ రెండో ఏడాది నుంచి టెండర్లు 800కు పెరిగితే? మొదటి ఏడాది 15 లక్షలు, మిగతా నాలుగేళ్లు ఏటా 24 లక్షలు. మొత్తం 1 కోటి 11 లక్షలు. ఇప్పుడు 'ఏ' చవక. పైగా 'బీ' రుసుము బిడ్ వేసేవాళ్ల దగ్గర వసూలు చేస్తే, వాళ్లు దాన్ని ధరలో కలుపుతారు. 'ఉచితం' అన్న మాట వినగానే 'ఎవరు కడుతున్నారు?' అని అడగడం అలవాటు చేసుకోండి.

7. వదిలేయాలంటే ఎలా?

పెళ్లి మాటలప్పుడే విడాకుల సంగతి ఎత్తినట్టు ఉంటుంది కానీ, తప్పదు. ఒప్పందం ముగిశాక పాత టెండర్ల సమాచారం ఎవరిది? ఏ రూపంలో ఇస్తారు? సోర్స్ కోడ్ ఎవరి దగ్గర ఉంటుంది? కొత్త సంస్థకు అప్పగించేదాకా పాత సంస్థ ఎన్ని నెలలు తోడుండాలి? ఇవి ముందే రాసుకోకపోతే, ధర ఎంత పెంచినా అదే కంపెనీ గడప తొక్కాల్సి వస్తుంది. జెమ్ వేదికను నడిపే సాంకేతిక సంస్థ కూడా మారింది. 2023లో ఆ బాధ్యత టీసీఎస్‌కు దక్కింది. అంత పెద్ద సంతను ఆపకుండా చేతులు మార్చాలంటే ఒప్పందంలో ప్రతి మాటకూ విలువ ఉంటుంది.

తక్కువ ధరే గెలవాలా?

ఎల్1 అనే మాట మీకు త్వరలోనే అలవాటవుతుంది. అందరికంటే తక్కువ ధర వేసినవారు అని అర్థం. సిమెంటు బస్తా, ప్రింటర్ కాగితం లాంటివాటికి ఇది సరిపోతుంది. అన్నిటికీ సరిపోతుందా?

పక్కనే ఉన్న కర్నూలు సోలార్ పార్కునే తీసుకోండి. 2015 నవంబరులో అక్కడి 500 మెగావాట్లకు ఎన్టీపీసీ నిర్వహించిన వేలంలో అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ యూనిట్‌కు 4.63 రూపాయల ధరతో గెలిచింది. అప్పటికి దేశంలో అదే రికార్డు తక్కువ ధర. 2016 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. దాని కష్టాలకు ఈ ఒక్క బిడ్ కారణం కాదు, ప్రపంచమంతా తెచ్చిన అప్పులున్నాయి. తర్వాత ఆ ప్రాజెక్టు గ్రీన్‌కో చేతికి వచ్చి పూర్తయింది. వేలం సాఫ్ట్‌వేర్ తన పని తాను సరిగ్గానే చేసింది. తక్కువ ధరను పట్టుకుంది. ఆ ధర వేసినవారి ఆర్థిక బలం చూడటం మాత్రం ఆ స్క్రీన్ చేసే పని కాదు.

అందుకే నాణ్యతకు కూడా మార్కులిచ్చే పద్ధతి ఉంది. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం, కొన్ని షరతులతో, పనులకు, కన్సల్టెన్సీ కాని సేవలకు కూడా నాణ్యతకు గరిష్ఠంగా 30 శాతం వెయిటేజీ ఇవ్వొచ్చు. దాని ప్రభావం ఎలా ఉంటుందో చూడండి. మొదటి కంపెనీకి నాణ్యతలో 90 మార్కులు, ధర 100 లక్షలు. రెండో కంపెనీకి నాణ్యతలో 60 మార్కులు, ధర 92 లక్షలు. ధర మార్కుల్లో తక్కువ వేసిన రెండో కంపెనీకి 100, మొదటిదానికి 92. ఇప్పుడు మొదటి కంపెనీ మొత్తం: 90లో 30 శాతం 27, 92లో 70 శాతం 64.4, కలిపి 91.4. రెండో కంపెనీ: 18, 70 కలిపి 88. ఎల్1 పద్ధతిలో ఓడిన కంపెనీ ఇక్కడ గెలిచింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ధర అంకె, దాన్ని ఎవరూ వంచలేరు. నాణ్యతకు 90 మార్కులు వేసేది మనిషి. దేనికి ఎన్ని మార్కులో టెండరు నోటీసులోనే రాయకపోతే, 'మనవాడికి' మార్కులు వేయడానికి అదే దారి అవుతుంది. మంచి వ్యవస్థ మార్కులతో పాటు కారణం రాయించుకుంటుంది. ఎవరు రాశారో కూడా గుర్తుపెట్టుకుంటుంది.

బయట ఏం చేస్తున్నారు?

దక్షిణ కొరియా 2002లోనే దేశం మొత్తానికి కోనెప్స్ అనే ఒకే వ్యవస్థ పెట్టింది. కొన్నేళ్లకు ఒక కొత్త సమస్య వచ్చింది. కంపెనీలు తమ డిజిటల్ సర్టిఫికెట్లను ఒకరికొకరు అరువిచ్చి దొంగ బిడ్లు వేయడం మొదలుపెట్టాయి. 2010లో బిడ్‌కు వేలిముద్ర తప్పనిసరి చేయడం మొదలుపెట్టారు. ఉక్రెయిన్‌లో 2014 ఉద్యమం తర్వాత కొందరు స్వచ్ఛందంగా కూర్చుని ప్రోజోరో అనే వ్యవస్థ తయారుచేశారు. 2016లో అది తప్పనిసరి అయింది. దాని కోడ్ బహిరంగం. వేలం ముగిశాక ఎవరు ఎంత వేశారో, ఏ పత్రాలిచ్చారో ఎవరైనా చూడొచ్చు. అధికారి తాళం ఒక కాపలా అయితే, చూసే జనం ఇంకో కాపలా అన్నది వాళ్ల ఆలోచన.

ఉద్యోగాలు ఎక్కడ?

ఇదంతా బాగుంది, మాకేంటి అంటారా? వస్తున్నా.

అమ్మేవైపు: కాంట్రాక్టు సంస్థలు, డ్రిప్ పరికరాల కంపెనీలు, సోలార్ కంపెనీలు, వైద్య పరికరాల సరఫరాదారులు... ప్రభుత్వానికి అమ్మే ప్రతి సంస్థకూ టెండరు ఎగ్జిక్యూటివ్ కావాలి. రోజూ పోర్టళ్లు వెతకడం, టెండరు పత్రం చదివి అర్హతలు చూడటం, కాగితాలు సిద్ధం చేయడం, గడువులోపు అప్‌లోడ్ చేయడం ఇందులో పని. ఏ బ్రాంచి వారైనా, డిగ్రీ చదివినవారైనా ప్రయత్నించొచ్చు. ఎదిగితే బిడ్ మేనేజర్.

కొనేవైపు: రైల్వే, ప్రభుత్వరంగ సంస్థల్లో స్టోర్స్, మెటీరియల్స్ విభాగాలుంటాయి. వీటికి వాళ్ల నోటిఫికేషన్లు, పరీక్షలే దారి.

తయారుచేసేవైపు: బిజినెస్ అనలిస్ట్, టెస్టర్, సపోర్ట్ ఇంజినీర్, డెవలపర్. ఎన్ఐసీ, ఏపీటీఎస్, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ స్మార్ట్ గవర్నమెంట్ లాంటి సంస్థలు, ప్రభుత్వ ప్రాజెక్టులు చేసే ఐటీ, కన్సల్టెన్సీ కంపెనీలు ఇటువైపు వస్తాయి.

కాపలావైపు: సైబర్ సెక్యూరిటీ ఇష్టమైనవాళ్లకు భద్రతా ఆడిట్లు. ప్రభుత్వ వెబ్‌సైట్ల ఆడిట్ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న సంస్థలే చేస్తాయి. ఆ జాబితా బహిరంగంగానే ఉంటుంది. డేటా అనలిటిక్స్ చదివినవాళ్లకు కూడా పని ఉంది. ఒకే కంప్యూటర్ నుంచి రెండు 'పోటీ' బిడ్లు వచ్చాయా? ముగ్గురే వంతులవారీగా గెలుస్తున్నారా? ఇలాంటివి పట్టుకోవడం.

ఖర్చు లేకుండా ఎలా నేర్చుకోవాలి?

కోచింగ్‌కు డబ్బు కట్టొద్దు. వస్తువులు, పనులు, సేవల కొనుగోళ్లపై కేంద్ర ఆర్థిక శాఖ మాన్యువల్స్ ఉచితంగా దొరుకుతాయి. మొదటిసారి చదివితే నిద్రొస్తుంది, నిజమే. ఒక నిజమైన టెండరును పక్కన పెట్టుకుని చదివితే ప్రతి పేరా ఎందుకుందో తెలుస్తుంది. జెమ్ సొంత శిక్షణ పాఠాలు కూడా ఉచితమే.

ఫైనలియర్ ప్రాజెక్టుకు టాపిక్ దొరకడం లేదా? 'హాజరు నమోదు యాప్' ఇప్పటికే మీ సీనియర్లు పదిమంది చేశారు. దానికి బదులు మీ జిల్లాలో ఒక శాఖ టెండర్ల సమాచారాన్ని బహిరంగ పోర్టల్ నుంచి తీసుకోండి. నోటీసుకూ గడువుకూ మధ్య ఎన్ని రోజులిచ్చారు? ఎన్ని బిడ్లు వచ్చాయి? ఒకే బిడ్ వచ్చినవి ఎన్ని? గెలిచిన ధర అంచనాకు ఎంత దూరంలో ఉంది? ఒక ఎక్సెల్ షీటు, కాస్త పైథాన్ చాలు. ఇంటర్వ్యూలో దీని గురించి పది నిమిషాలు మాట్లాడగలిగితే మీ రెజ్యూమె మిగతా వాటిలో కలిసిపోదు. ఒక్క జాగ్రత్త. అంకెలో తేడా కనబడగానే 'స్కామ్' అని రాసేయకండి. తేడా కనబడితే అది ప్రశ్న మాత్రమే. జవాబుకు ఫైలు చూడాలి.

ఉద్యోగంలో చేరాక ఈ మూడూ మరవొద్దు

మొదటిది, డిజిటల్ సంతకం. బిడ్ వేయడానికి క్లాస్ 3 సర్టిఫికెట్ కావాలి. చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, చట్టం దృష్టిలో మాత్రం అది యజమాని సంతకం. చిన్న సంస్థల్లో ఆ టోకెన్, దాని పిన్ రెండూ కొత్తగా చేరిన కుర్రాడి చేతిలో పెట్టి 'నువ్వే చూసుకో' అంటారు. నమ్మకం అని పొంగిపోవద్దు. రేపు అంకె తేడా వస్తే ఎవరు నొక్కారన్న ప్రశ్న మీ దగ్గరికే వస్తుంది. ధర ఖరారు చేసిన మెయిల్ గానీ, సంతకం చేసిన కాగితం గానీ లేకుండా బిడ్ సమర్పించకండి.

రెండోది, గడువు. నాకు తెలిసిన ఓ పంపుసెట్ల డీలర్ రెండు వారాలు కష్టపడి బిడ్ సిద్ధం చేసుకున్నాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం కూర్చుంటే ఆయన సర్టిఫికెట్ కాలం అంతకు ముందురోజే ముగిసిందని తెలిసింది. సర్వర్ గడియారానికి జాలి ఉండదు. చివరి రోజును లేనట్టే లెక్కేసి, ఒకరోజు ముందే పని ముగించండి.

మూడోది, మోసాలు. 'జెమ్‌లో రిజిస్ట్రేషన్ చేయిస్తాం, ఆర్డరు గ్యారంటీ' అంటూ డబ్బు అడిగేవాళ్లు ఎదురవుతారు. ఆర్డరు గ్యారంటీ అనేది ఏ పోర్టల్‌లోనూ లేదు. 'టెండరు ఆఫీసులో ఉద్యోగం, ముందు డిపాజిట్' అన్నా అంతే, ఆ ఫోన్ పెట్టేయండి.

ఈ వారం పని

ఈ శనివారం ఒక గంట తీసుకోండి. రాష్ట్ర పోర్టల్‌లో గానీ, జెమ్‌లో గానీ, ఐఆర్ఈపీఎస్‌లో గానీ మీ జిల్లాకు చెందిన ఒక్క టెండరు ఎంచుకుని మొత్తం చదవండి. చదివాక ఐదు జవాబులు తెలుగులో రాయండి. ఏం కొంటున్నారు? ఎవరు అర్హులు? ఎలా ఎంచుకుంటారు? డబ్బు ఎప్పుడు ఇస్తారు? మీ ఊరి చిన్న వ్యాపారి ఇందులో పోటీ పడగలడా, లేకపోతే ఏ నిబంధన అడ్డు?

ఐదో ప్రశ్నకు మీరు సొంతంగా రాసిన జవాబు ఉంటే చాలు. ఈ రంగంలో ఇంటర్వ్యూకు వెళ్లడానికి మీ దగ్గర చెప్పుకోదగ్గ విషయం ఒకటి ఉన్నట్టే.